చిక్కుడు పాదుకు తొలి నెల కాపలా

చిక్కుడు పాదు పెట్టడానికి ఆషాఢ శ్రావణాలు అదను. జూలై, ఆగస్టుల్లో గింజ పడితే వానాకాలమంతా తీగ సాగి, పగళ్లు కురచయ్యే కొద్దీ పూతకు వస్తుంది. పందిరి చిక్కుడు పొద్దును బట్టి పూసే మొక్క. అదను తప్పి వేసిన పాదు పందిరి నిండా ఆకు కమ్మి కాయ కాయకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క జయ్, అర్క విజయ్ వంటి పొద రకాలకు ఈ పట్టింపు లేదు. అయినా పెరటికి అందం, వంటకు రుచి పందిరి చిక్కుడుతోనే.

మూరెడు గుంత తీసి, పైమట్టిలో మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. రాత్రి నానబెట్టిన గింజలు మూడు నాలుగు, అంగుళం లోతున పెడితే వారం పది రోజుల్లో మొలుస్తాయి. యూరియా జోలికి పోనక్కర్లేదు. వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. నత్రజని మోతాదు మించితే ఆకు లేతగా, రసంతో ఉబ్బి, పేనుబంకకు విందవుతుంది.

పాదు బతుకు తేలేది మొదటి నెలలోనే. బద్దలు విచ్చుకుని రెండాకులు వేసిన మొక్కను కోళ్లు ఒక్క పూటలో పీకేస్తాయి. చుట్టూ తుమ్మకంప నాటడం పాత పద్ధతే గానీ, దానికి మించినది లేదు. వానాకాలం రాత్రుళ్లు నత్తలు మొలకను మొదలంటా కొరికేస్తాయి. పాదు పక్కన తడిపిన గోనెసంచి పరిస్తే తెల్లారేసరికి దాని కిందికి చేరతాయి; ఏరి ఉప్పునీటి బకెట్లో వేయాలి. ఉప్పును పాదులో మాత్రం చల్లకూడదు, మట్టి పాడవుతుంది. రాత్రిపూట కాండాన్ని నేల మట్టంలో తెగ్గొట్టే గొంగళి పురుగులకు అడుగు తీసిన కాగితం గ్లాసును మొలకకు తొడిగి, అంచును కాస్త మట్టిలోకి నొక్కితే చాలు.

కాండపు ఈగ అంత తేలిగ్గా దొరకదు. తొలి ఆకుల్లో గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు లోలోపలే తొలుచుకుంటూ కాండం మొదటికి దిగుతుంది. మొక్క వాడిపోయి, మొదలు ఉబ్బి పగిలి కనిపించేసరికి నష్టం జరిగిపోతుంది. అలాంటి మొక్కను పీకి కాల్చేయాలి. మిగతావాటి మొదట్లో మట్టి ఎగదోస్తే కొత్త వేళ్లు వేసి నిలదొక్కుకుంటాయి. గుంతకు మూడు నాలుగు గింజలు పెట్టడం ఇందుకే. ఈ గండం దాటాక బలమైన రెండింటిని ఉంచుకోవాలి.

ఇక పేనుబంక. లేత చివర్లకు నల్లగా, గుంపులుగా అంటుకుని రసం పీలుస్తుంది. ఇందులో ఆడవి మగతోడు లేకుండానే పిల్లల్ని కంటాయి, ఆ పిల్లలు వారం పది రోజుల్లో తల్లులవుతాయి. అందుకే నిన్న శుభ్రంగా ఉన్న కొస నాలుగు రోజులకే నల్లబడుతుంది. అవి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు కాపలా కాస్తాయి. తీగ మీద చీమల బారు కనబడితే ఆకులు తిప్పి చూడాల్సిందే. మొదట్లో వేళ్లతో నలిపేయడమే మేలైన మందు. ఆపైన నీటిని గట్టిగా చిమ్మాలి. తగ్గకపోతే లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా పిచికారీ చేయాలి. ఎండకు వేప గుణం త్వరగా పోతుంది.

ఘాటైన పురుగుమందు కొట్టడం ఇక్కడ పెద్ద పొరపాటు. పేనుబంకను తినే అక్షింతల పురుగు కూడా దాంతో చస్తుంది. దాని పిల్లపురుగు ఎర్రగా గుండ్రంగా ఉండదు. నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో చిన్న మొసలిలా ఉంటుంది. ఇదే చీడ అనుకుని దాన్ని నలిపేసేవారు ఎందరో! అది రోజుకు పదుల కొద్దీ పేనుబంకను తింటుంది. దాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం కాపలా అదే చూసుకుంటుంది.

ఆకులు పసుపు మచ్చలతో మొజాయిక్‌లా మారితే అది తెల్లదోమ మోసిన వైరస్. దానికి మందు లేదు, మొక్కను తీసేయాలి. పూత దశలో గూళ్లు అల్లే మారుకా పురుగును గూడుతో సహా తుంచేయాలి.

కార్తీకం నుంచి కాయ కోతకు వస్తుంది. రథసప్తమి నాటికీ పందిరి పచ్చగానే ఉంటుంది. ఆ రోజు కాయలతో రథం కట్టి, పరమాన్నాన్ని చిక్కుడాకుల మీదే సూర్యుడికి నివేదిస్తారు. నైవేద్యం పెట్టే ఆ ఆకు మీద విషపు మందు పడనీయకండి.