మనుషులు లేని నదులు

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళ నదీదృశ్యాల పోస్టుకార్డులను వెదకి కూడబెట్టే అభిరుచి మన విద్యావంతులు కొందరిలో కనిపిస్తున్నది. అభిరుచి మంచిదే. కాని ప్రతి కార్డునూ "ఎంత అందం!" అని ఆల్బంలో అతికించి ఊరుకునే పద్ధతిని విమర్శించక తప్పదు.

ఈ కార్డు ఒక సరుకు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు పదిహేనేళ్ళు దానికి మహర్దశ. ఫొటో ఇక్కడిది, ప్రచురణ చాలాసార్లు లండన్ రాఫెల్ టక్ వంటి కంపెనీలది, అచ్చు తరచుగా జర్మనీలో. నలుపు తెలుపు ఫొటోకు అక్కడ రంగులద్దిన కార్మికుడు గోదావరిని చూచి ఎరుగడు. అందుకే మన నదులు ఆ కార్డుల్లో ఐరోపా సరస్సుల్లా నీలంగా మెరుస్తాయి. వానకాలపు ఎర్రనీరు మచ్చుకైనా కానరాదు. (చూడని నీటికి రంగు వేయవలసివచ్చిన ఆ కార్మికుని తప్పు ఇందులో ఏమీ లేదు!)

ఏ నదులకు కార్డులు వచ్చాయి? కొనేవాడు తిరిగిన నదులకు. రాజమహేంద్రవరం దగ్గర 1900లో గోదావరిపై రైలు వంతెన తెరిచారు. అది కార్డుకు ఎక్కింది. హైదరాబాదు మూసీ ఎక్కింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టనపెట్టుకుంటే, ఆ శిథిలాలు కూడ కార్డులై అమ్ముడుపోయాయి. శవాలమీద పేలాలు ఏరుకోవడమంటే ఇదే.

మరి మంజీర? కామారెడ్డి మీదుగా రైలు ఆ శతాబ్దపు మొదటినుంచే నడుస్తున్నా, కిటికీలోంచి చూచిన దొరవారు దిగి ఎల్లారెడ్డి దారి పట్టవలసిన పని లేకపోయింది. పోచారం ఆనకట్ట 1922కు పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరుగా, 1923లో మొదలైన నిజాంసాగర్ 1931కి ముగిసింది. దాని కట్ట పొడవు సుమారు 3 కిలోమీటర్లు. అప్పటికి కార్డుల మోజు చల్లారింది. మోజు తగ్గినా చూపు మారలేదు: తర్వాతి బొమ్మల్లోనూ గోడ, తూములు, విశాలమైన జలాశయం. రాయి మోసినవారు లేరు. నీటి అడుగుకు పోయిన ఊళ్ళు లేవు. ఆ నీటితో వరి, చెరకు పండాయి, బోధనులో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. లాభనష్టాలు ఎవరెవరికి చెందాయో ఏ దృశ్యమూ చెప్పదు.

అందుచేత కార్డును తిరగవేసి చూడాలి. నిజాం రాష్ట్రపు తపాలాబిళ్ళలు ఆ రాష్ట్రంలోనే చెల్లేవి. సీమకు పోయే కార్డుకు బ్రిటిష్ ఇండియా బిళ్ళ కావాలి. బిళ్ళను బట్టే కార్డు ఎక్కడికి పోయిందో, కొన్నది ఎలాంటివాడో కొంత పసికట్టవచ్చు. బ్రిటనులో 1902కు ముందు వెనుకవైపు చిరునామాకే కేటాయింపు. కబురంతా బొమ్మ అంచున ఇరికించేవారు. ఆ గీతలు పడ్డ కార్డును మాసినదని పక్కనపెట్టి, శుభ్రమైన కార్డుకు హెచ్చు ధర ఇచ్చేవాడు బొమ్మను దక్కించుకొని చరిత్రను పారవేస్తున్నాడు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ఉపాధ్యాయులు, విద్యార్థులు చేయదగిన పని ఒకటుంది. కట్ట కట్టిన కూలీలు ఇక లేరు, మనవలున్నారు. మునిగిన ఊళ్ళ పేర్లు, ఆ ఊళ్ళవారు తరలిపోయిన చోట్లు వారినోట విని రాసి, సేకరించిన ప్రతి బొమ్మ పక్కనా పెట్టాలి. ఆలస్యం తగదు. 2025 ఆగస్టు చివర కుండపోతగా కురిసి పోచారం అలుగు భీకరంగా దుమికినప్పుడు సెల్‌ఫోన్లు తీసిన బొమ్మలనేకం చూచాను. నీరు మహాద్భుతంగా ఉంది. మునిగిన వరిమడి ఏ అంచునా లేదు.