గడప దాటిన వేమయ్యా!

వేమయ్యా, వేమనా! గడప దాటినవాడా, గాలిని కప్పుకున్నవాడా, దిక్కులే గోడలైన ఇంట్లో ఆకాశమే కప్పుగా బతికినవాడా! సోమందేపల్లె ఎర్రమట్టి మీద నిలబడి నిన్ను పిలుస్తున్నాను. నెర్రెలు విచ్చిన చెరువు గర్భంలోంచి పిలుస్తున్నాను. ఊడలు దిగిన మబ్బు వాన కాకుండానే పోయిన శెనక్కాయ చేలలోంచి, ఆకు రాలినా చేవ చావని వేపమాను కిందినుంచి, పెనుకొండ బండల మీద పగలంతా కాగి రాత్రంతా కక్కే సెగలోంచి పిలుస్తున్నాను. పలుకుతావని తెలుసు. గుడిసెలో పిలిచినా, గుట్టమీద పిలిచినా, ఆకలితో పిలిచినా పలికేవాడివి నువ్వొక్కడివే కదా!

నీ కథ నువ్వు రాసుకోలేదు. ఏ ఊరి నీళ్లు తాగి పెరిగావో, ఏ తల్లి చేతి సంగటి తిన్నావో, ఏ పొద్దున ఇల్లు విడిచావో చెప్పలేదు. పండితులు నీ శతాబ్దం తేల్చలేక అలసిపోయారు, అలసిపోనీ! నీ ఆత్మకథ ఆటవెలదుల్లో ఉంది. చినిగిన పంచె పోగుల్లా ఊరూరా ముళ్లకంపలకు తగులుకొని ఉంది. ఒక పద్యంలో నీ దప్పిక, ఒక పద్యంలో నీ కోపం, ఒక పద్యంలో నిన్ను తరిమిన ఊరు, ఒక పద్యంలో పిలిచి అన్నం పెట్టిన చెయ్యి. ఏరుకునే ఓపిక ఉండాలే గాని, దిక్కులేనివాడి బతుకంతా అక్కడే దొరుకుతుంది.

చెప్పులో దూరిన రాయిని పద్యంలోకి తెచ్చినవాడివి నువ్వు. ఆ రాయి పల్లకీలో ఊరేగినవాడికి తెలియదు, పట్టుపరుపు మీద పద్యం అల్లినవాడికి తెలియదు. ఎండకు నడిచి, దుమ్ముకు నడిచి, ఊరు కనబడక, నీడ దొరకక నడిచిన కాలికే తెలుసు. ఆ పద్యంలోనే చెవిలో రొద పెట్టే జోరీగ ఉంది, కంట్లో పడిన నలుసు ఉంది, అరికాల్లో దిగిన ముల్లు ఉంది. అన్నీ బాట మీది బాధలే! చివరికి ఇంటిలోని పోరును వాటి సరసన నిలబెట్టావు. వేమయ్యా, అక్కడ నా గుండె ఆగుతుంది. ముల్లును తీసి పారేయవచ్చు, రాయిని దులపవచ్చు. ఇంటి పోరును ఏం చేశావు? ఇంటినే దులిపి నడిచావా? నీ జీవితచరిత్ర ఇంకెవరు రాయాలి, ఆ నాలుగు పాదాలు ఉండగా!

బంగారం కోసం వెతికావంటారు. పసరులు నూరావంటారు, పాదరసం కాచావంటారు, లోహాన్ని పసిడి చేసే రహస్యం కోసం కొండల్లో గుహల్లో తిరిగావంటారు. ఆ కొలిమి ఎప్పుడు నీలోకి వచ్చిందో! ఎప్పుడు నీ ఊపిరే తిత్తి అయిందో, ఎప్పుడు నీ వెన్నులో నిప్పు పాకి నడినెత్తిన పూసిందో! రాతిని మొక్కే చేతుల మధ్య నిలబడి, లోపలివాణ్ణి చూడమని గద్దించావు. ఆ గద్దింపులో ఎంత ప్రేమ! వెలుగు చూసినవాడు చీకట్లో తడుముకునే తోబుట్టువు మీద కేకలేసినంత ప్రేమ. ఒంటిమీద గుడ్డ కూడా నీకు గోడే అయింది. అదీ వదిలేశావు.

ఇల్లు లేని నీకు జనం నాలుకే ఇల్లయింది. పశువుల కాపరి పాడాడు, బడిపిల్లవాడు వల్లించాడు, కలుపుతీసే అమ్మ కొంగు బిగించి అప్పజెప్పింది. ఆ గొంతుల వెంట తాటాకుల్లో దాక్కున్న నిన్ను బ్రౌన్ దొర వెతికి పట్టి 1829లో మద్రాసులో ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1928లో మన అనంతపురంలోనే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ నీ మీద ఉపన్యాసాలిచ్చి, నిన్ను మహాకవుల పంక్తిలో కూర్చోబెట్టారు. 1972లో తపాలా బిళ్ల మీదికెక్కి మళ్లీ ఊళ్లు తిరిగావు. తిరగడం నీకు కొత్తా!

ఇంకా ఈ పీఠభూమి మీద ఇళ్లకు తాళాలు పడుతూనే ఉన్నాయి తాతా. వాన మొహం చాటేసిన ఏట మూట నెత్తికెత్తుకొని, పిల్లను చంకనేసుకొని, బెంగళూరు బాట పట్టేవాళ్లు సోమందేపల్లె పెద్దరోడ్డు అంచున నిలబడతారు. కట్టే మేడల నీడన పడుకుంటారు, తమది కాని గోడకు నీళ్లు పడతారు. వాళ్ల ఆత్మకథలు ఎవరు రాస్తున్నారు? నువ్వే రాశావు, ముందుగానే, వాళ్ల మాటల్లోనే. అందుకే ఆ మూటల్లో బియ్యం నిండుకున్నా నీ పద్యం నిండుకోదు. కష్టం గొంతుదాకా వచ్చినప్పుడు ఎవరో ముసలాయన నిన్ను తలుచుకుంటాడు, విన్నవాళ్లు తలెత్తుతారు.

చదువరులారా, కదిరి నరసింహస్వామి దర్శనానికి వెళ్లినప్పుడు గాండ్లపెంట మండలంలోని కటారుపల్లె దాకా కూడా వెళ్లి రండి. వేమయ్య సమాధి అక్కడుంది. వెళ్లేముందు మీ ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల నోట ఉన్న వేమన పద్యాలన్నీ చెప్పించుకొని రాసిపెట్టండి.