‘ఎదిరించు’ ఎవరి క్రియ?

నెమలిలో నా చిన్నప్పుడు, మొగుడు కొట్టాడని ఏడ్చే ఆడవాళ్ళకి పెద్దలు మత్తయి 5:39 చెప్పేవాళ్ళు, ఎదిరించకు, ఓర్చుకో అని.

గ్రీకులో ఆ మాట ‘ఆంతిస్తేనై’. ఎదురు నిలబడటమని అర్థం. యుద్ధంలో నిలబడటానికీ వాడతారు కాబట్టి, ఇక్కడ వద్దన్నది హింసనే, ప్రతిఘటనని కాదన్నాడు వాల్టర్ వింక్. చెంప తిప్పడమంటే అవమానించినవాడి ముందు తలెత్తి నిలబడటమేనన్నాడు. బాగానే ఉంది. కానీ నలుగురూ చూసే వీధిలో అది ధిక్కారం. తలుపులు మూసిన ఇంట్లో రెండో దెబ్బ.

నాకు గలతీయుల పత్రిక 2:11 దగ్గరగా అనిపిస్తుంది. అన్యజనులతో కలిసి తినడం మానేసిన పేతురుని పౌలు ముఖంమీదే నిలదీశాడు. అక్కడా అదే గ్రీకు క్రియ. తెలుగు బైబిల్లోనూ రెండుచోట్లా ‘ఎదిరించు’నే. పౌలు చెయ్యీ ఎత్తలేదు, తలా వంచలేదు. ఆ వాక్యం ఆ ఆడవాళ్ళకి ఎవరూ ఎందుకు చదివి వినిపించలేదు?