కుండీ మారిన కూజా మొక్క

నర్సరీల్లో కూజా మొక్క పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం నెపెంథిస్ ప్రజాతికి చెందినవి. మడగాస్కర్, శ్రీలంక మొదలుకొని ఆగ్నేయాసియా దీవుల మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర కొస వరకు ఇవి అడవుల్లో పెరుగుతాయి. మన దేశంలో సహజంగా పెరిగే జాతి ఒక్కటే. అది మేఘాలయలోని గారో, ఖాసీ, జయంతియా కొండల్లో కనిపించే నెపెంథిస్ ఖాసియానా. నత్రజని కరువైన నేలల్లో బతకడానికి ఈ మొక్క పురుగులను పట్టుకుంటుంది. ఆకు నడిమి ఈనె కొస దాటి తీగగా సాగి, ఆ తీగ చివర కూజాగా ఉబ్బుతుంది. కూజా నున్నటి అంచు మీద వాలిన పురుగు జారి లోపలి ద్రవంలో పడి జీర్ణమవుతుంది. ఆ ద్రవానికి జీర్ణశక్తి ఉందని జోసెఫ్ డాల్టన్ హుకర్ 1874లో ప్రయోగాలతో చూపాడు.

పోషకాలు ఇలా కూజాల ద్వారా అందుతాయి కాబట్టి ఎరువుల పొలానికి అలవాటుపడ్డ మొక్కల వేళ్లకూ వీటి వేళ్లకూ చాలా తేడా ఉంటుంది. కూజా మొక్క వేళ్లు నల్లగా, సన్నగా, చెయ్యి తగిలితే తెగేంత పెళుసుగా ఉంటాయి. లవణాలను అసలు తట్టుకోలేవు. కుండీ మార్చాక తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ ఈ వేళ్ల స్వభావం నుంచి పుట్టినవే.

మార్చేటప్పుడు పాత మట్టిగడ్డను దులపకూడదు. కుళ్లిన నాచు ఉంటే దాన్ని మాత్రం తీసి, మిగతా గడ్డను ఉన్నదున్నట్టు కొత్త కుండీలో కూర్చోబెట్టాలి. ఎర్రమట్టి, పశువుల ఎరువు, వర్మీకంపోస్టు ఈ మొక్కకు పనికిరావు. స్పాగ్నమ్ నాచు రెండు పాళ్లు, పెర్లైట్ ఒక పాలు కలిపితే తేమా గాలీ రెండూ నిలుస్తాయి. నాచు దొరకనప్పుడు కొబ్బరి పొట్టు వాడవచ్చు గానీ, అందులో ఉప్పు ఉండే అవకాశం ఎక్కువ. మంచినీళ్లలో నానబెట్టి, పిండి, ఆ నీళ్లు మార్చి మళ్లీ నానబెట్టాలి. పిండిన నీటిలో కరిగిన లవణాల కొలత (టీడీఎస్) బాగా తగ్గేదాకా ఇలా కడగాలి. అడుగున చిల్లులున్న ప్లాస్టిక్ కుండీ మేలు. సిమెంటు కుండీ నుంచి సున్నం దిగుతుంది, మట్టికుండీ గోడల్లో లవణాలు పేరుకుంటాయి.

తర్వాతి సంగతి నీళ్లు. కరిగిన లవణాలు 50 పీపీఎంకు లోపు ఉండటం క్షేమం. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల బోరునీరు ఈ హద్దును ఎన్నో రెట్లు దాటుతుంది. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం ఉన్నా దాని నీళ్లను టీడీఎస్ మీటరుతో చూసుకోవాలి, ఎందుకంటే రుచి కోసం ఖనిజాలను తిరిగి కలిపే యంత్రాలూ ఉన్నాయి. యంత్రం బయటికి వదిలే నీళ్లను మొక్కలకు పోయడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. ఈ మొక్కకు మాత్రం అవి కీడు, లవణాలన్నీ చిక్కబడేది వాటిలోనే. వానాకాలంలో పట్టి, దోమలు చేరకుండా మూత వేసి దాచుకున్న వాననీటిని మించింది లేదు. నాచు పైభాగం కొద్దిగా ఆరుతుండగా పై నుంచి పోసి, అడుగు నుంచి ధారాళంగా కారిపోనివ్వాలి. అమెరికా బురదనేలల కూజా మొక్క అయిన సారసీనియాను నీటి పళ్లెంలో నిలబెడతారు. నెపెంథిస్‌ను అలా ఉంచితే వేరుకుళ్లు వస్తుంది.

తెగిన వేళ్లు తిరిగి చిగురించేదాకా మొక్క ఆకుల నుంచి పోగొట్టుకునే నీటిని భర్తీ చేసుకోలేదు. అందుకే మొదటి కొన్ని వారాలు గాలిలో తేమ ఎక్కువగా ఉండాలి. తీరప్రాంతంలో ఇది కొంత సులువు. తెలంగాణ, రాయలసీమ వేసవి గాలి మాత్రం మొక్కను పీల్చేస్తుంది. అందుకే అక్కడ తొలకరి తర్వాత కుండీ మార్చడం మంచిది. పారదర్శకమైన ప్లాస్టిక్ కవరును మొక్కపై వదులుగా కప్పి, పైన చిల్లులు పెట్టి, కొన్ని రోజులకోసారి చిల్లులు పెంచుతూ చివరికి తీసేయాలి. కవరు కప్పిన మొక్కను నేరుగా ఎండలో పెడితే లోపల ఉడికిపోతుంది. నీడవల కింద లేదా తూర్పు కిటికీ పక్కన పొద్దుటి వెలుతురు చాలు. వేళ్లు కుదురుకున్నాక వెలుతురు పెంచాలి. వెలుతురు చాలకపోతే ఆకులు వస్తాయి గానీ కూజాలు కట్టవు.

ఈ దశలో పాత కూజాలు మూతల దగ్గర మొదలై గోధుమరంగుకు తిరిగి ఎండటం మామూలే. ఎండిన మేరకే కత్తిరించి, పచ్చగా ఉన్న భాగాన్ని ఉంచాలి. ఆకు పచ్చగా ఉన్నంతకాలం దాన్ని తీయకూడదు, అది మొక్కకు ఆహారం తయారు చేస్తూనే ఉంటుంది. రవాణాలో ద్రవం ఒలికిపోతే కూజా అడుగున కొంచెం వాననీరు పోయవచ్చు. మాంసం ముక్కలు వేస్తే కుళ్లి కూజానే పాడవుతుంది. పురుగులను తెచ్చి వేయాల్సిన అవసరమూ లేదు, తెరుచుకున్న కూజాలోకి చీమలు వాటంతటవే వస్తాయి. కుండీలో డీఏపీ, యూరియా ఒక్క గింజ కూడా వేయకూడదు.

మొక్క కోలుకుందో లేదో పాత కూజాలు చూసి తేల్చలేం. నడినెత్తిన కొత్త ఆకు విప్పుకుంటోందా, అది మునుపటి ఆకు కంటే చిన్నదా పెద్దదా అన్నదే లెక్క. తీగ కొసన మొగ్గ ఏర్పడి ఉబ్బకుండానే నల్లబడితే తేమ గానీ వెలుతురు గానీ చాలలేదని అర్థం. కుండీలో తడి ఉండగానే ఆకులు వాడి, కాండం మొదలు మెత్తబడితే వేరుకుళ్లని అనుమానించాలి. చిగుళ్ల సందుల్లో తెల్లటి దూదిలా కనిపిస్తే పిండినల్లి. దాన్ని తడి దూదితో తుడిచేసి, మొక్కను మిగతావాటి నుంచి వేరుగా ఉంచాలి.

కొనేటప్పుడే చూడాల్సింది మరొకటి ఉంది. ఖాసియానాకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఇస్తోంది. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటీస్‌లో అది మొదటి అనుబంధంలో ఉంది. అడవిలో పెరికిన మొక్కను కొనడం నేరానికి తోడ్పడటమే. పైగా అలాంటి మొక్క వేళ్లు తెగి, కుండీలో నిలదొక్కుకోవడం కష్టం. టిష్యూకల్చర్‌లోనో కొమ్మ అంట్లతోనో నర్సరీలో పెంచిన వెంట్రాటా వంటి సంకర రకాలు వేడినీ పొడిగాలినీ కొంత ఓర్చుకుంటాయి. కొత్తగా పెంచేవారు వాటితో మొదలుపెట్టడం తగిన పని.