చెప్పుకొనుటకే నోరు

లండను నగరపు తూర్పుభాగమగు స్టెప్నీలోని మురికివాడలనుగూర్చి 1935వ సంవత్సరమున ఆర్థర్ ఎల్టన్, ఎడ్గార్ ఆన్‌స్టే యనువారు ‘హౌసింగ్ ప్రాబ్లెమ్స్’ అను పావుగంట చలనచిత్రమును నిర్మించిరి. ఇందు నటులు లేరు. ఆ యిండ్లలో కాపురమున్నవారే కెమేరా యెదుట నిలిచి నల్లులనుగూర్చియు, ఎలుకలనుగూర్చియు, ఇరుకుగదులలోని సంసారమునుగూర్చియు తమ మాటలలోనే చెప్పిరి. పేదలనుగూర్చి పెద్దలు మాటాడుటయే వాడుకయైన కాలమున నిది గొప్ప మేలు. దీనిని మేము మనసార మెచ్చుచున్నాము.

అయినను లోపమొకటి చూపక తప్పదు. బాధ చెప్పుకొనునంతవఱకే వారికి నోరు. క్రొత్త యిండ్ల నమూనాలు వచ్చుసరికి మాట నిపుణులదైనది. క్రొత్తయింట చేరినవారికి మెప్పుదల మాత్రమే మిగిలినది. చిత్రమునకు ధనమిచ్చినది గ్యాసు వ్యాపారుల సంఘమని పాఠకులు మఱువరాదు. క్రొత్త యిండ్లు పెరిగినకొలది గ్యాసు చెల్లుబడియు పెరుగును గదా!

ఇందు నమూనాగా చూపబడిన లీడ్సు నగరపు క్వారీహిల్ భవనములు 938 యిండ్లతో వెలసి, ఉక్కుచట్రము తుప్పుపట్టి, 1978లో కూల్చబడినవి. కాపురస్థుల నడిగినచో తుప్పు పట్టకుండునా యని కొందఱనవచ్చును. పట్టకుండదు, కాని నిపుణుల మాటయు పొరపాటునకు లోబడినదే యని యిందువలన తేలుచున్నది.

రోగి చెప్పినది విని వైద్యుడు మందిచ్చుట సరియే. ఇల్లు మందు కాదు. దినదినము బ్రదుకవలసిన చోటు. పొయ్యి యెచ్చటనుండవలెనో యిల్లాలికి తెలిసినంత యింజనీరునకు తెలియదు. సాక్ష్యమునకు పిలిచినవారిని ఆలోచనకును పిలువవలెను.