బాహుబలమును కంఠస్వరమును

పోరాట చిత్రములలో మనము చూచునది చాలవరకు పోరాటము కాదు. ఒకడు కొట్టినట్లు నటించును; వేరొకడు పడినట్లు నటించును; దృశ్యమును ముక్కలుగా కోసి కూర్చుటచేతను, వాద్యఘోషచేతను ఆ కొరత కప్పబడుచుండును. ఈ పద్ధతిని విడిచి, నిజముగా పోరుట నేర్చిన స్త్రీనే నాయికగా నిలిపిన చిత్రము ‘హేవైర్’. స్టీవెన్ సోడర్‌బర్గ్ దర్శకత్వమున తయారైన యీ చిత్రము 2012 జనవరిలో అమెరికాలో విడుదలయ్యెను. నాయిక జీనా కరానో. పిడికిలితోను, కాలితోను, మల్లబంధములతోను పోరెడు మిశ్రయుద్ధక్రీడలో ఆమె అదివరకే ప్రసిద్ధురాలు. 2009 ఆగస్టులో క్రిస్ సైబోర్గ్ చేతిలో ఆమెకు తొలి పరాజయము కలిగెను. అట్లు ఓడిన యోధురాలిని నాయికను చేయుట సాహసమే.

భరతముని అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించెను. వీనిలో ఆంగికమునకు ఈ చిత్రమున దక్కిన గౌరవమును మేము మనసార మెచ్చుకొనుచున్నాము. డబ్లిన్ నగరపు హోటలు గదిలో మైకేల్ ఫాస్‌బెండర్ ధరించిన పాత్ర హఠాత్తుగా నాయికపై బడును. ఆమె విందుకు తొడిగిన దుస్తులలోనే యున్నది. సంగీతము లేదు. కెమెరా ఎడముగా నిలిచి యిరువురిని నిండుగా చూపును. వినబడునవి దెబ్బలును, పగులు సామగ్రియు, రొప్పును మాత్రమే. ఆమె తన బరువును ఎచ్చట మోపుచున్నదో, ఎప్పుడు తూలి మరల నిలదొక్కుకొనుచున్నదో ప్రేక్షకునకు స్పష్టముగా తెలియుచుండును. ‘అబల’ యను మాటను ఖండించుచు మేమును పలుమారులు ఉపన్యసించితిమి. ఈ కొద్ది నిమిషముల దృశ్యమునకు గల బలము ఆ యుపన్యాసములకు లేకపోయెనని ఒప్పుకొనుచున్నాము.

అయినను ఒక లోపమును చెప్పక తప్పదు. చిత్రీకరణానంతరము నాయిక కంఠస్వరమును మార్చిరి. తెరపై మనము వినునది ఆమె సహజస్వరము కాదు. సంభాషణమున ఆమెకు నేర్పు చాలదనుట నిజమే. మైకేల్ డగ్లస్ వంటి అనుభవశాలి యెదుట ఆ తేడా దాగదు. కాని దానికి మందు అభ్యాసమే గాని మార్పు కాదు. పిడికిలి నిజమైనదే కావలెనని పట్టుబట్టిన దర్శకుడు గొంతును మాత్రము సవరింపదగినదిగా నెంచుట యేమి న్యాయము?

నిజయోధురాలికి పాత్ర నిచ్చుట మన తెలుగువారికిని క్రొత్త కాదు. సుధా కొంగర 2017లో తీసిన ‘గురు’ చిత్రమున ముష్టియుద్ధము నేర్చు పేదపిల్లగా నటించిన రితికా సింగ్ స్వయముగా యుద్ధక్రీడలలో శిక్షణ పొందినదే. ఆమె పాదముల కదలికను చూచినవారు మరువలేరు.

ఈ చర్చ తెరతో ముగియునది కాదు. బాలికలకు నేడు పాఠశాలలలో కరాటే నేర్పుచున్నారు. వార్షికోత్సవమున వారు పెంకులు పగులగొట్టినపుడు చప్పట్లు చరచిన తలిదండ్రులనే మేము చూచితిమి, మరునాడు ఆ పిల్ల ఇంట ఎదురు ప్రశ్న వేసినచో “ఆడపిల్లకు అంత గొంతేమిటి?” అని గద్దించువారును వారే. చేతికి బలము రావలెను గాని మాట మనము చెప్పినట్లే యుండవలెనని కోరుచున్నాము. సోడర్‌బర్గ్ చేసిన పొరపాటు మన యిండ్లలో నిత్యకృత్యము.

చిత్రమున హింస యున్నందున పసివారికి తగదు. ఎదిగిన బిడ్డలతో కూర్చుండి చూడవచ్చును. చూచిన పిమ్మట నాయిక గొంతు మార్చిన సంగతి వారికి చెప్పి, అది సరియేనా యని అడుగుడు. వారు చెప్పునది మాత్రము తుదివరకు వినుడు.