హెసియడ్ కావ్యములలో ఎరిస్: ఒక పరిశీలనము

గ్రీకు తత్త్వచింతన క్రీ.పూ. 6వ శతాబ్దమున మిలీటస్ నగరవాసియైన థేలీస్‌తో ఆరంభమైనదని పాఠ్యగ్రంథములు చెప్పుచున్నవి. అంతకు పూర్వము ఉన్నది పురాణగాథ, పిమ్మట వచ్చినది విచారము అని ఈ విభాగము. బోధనకు ఇది అనుకూలమే గాని, కవిత్వమును శ్రద్ధతో చదువువారికి తృప్తి నీయదు. విచారము కవిత్వమును వెడలనడపి వచ్చినది కాదనియు, కవి తన మాటను తానే సవరించుకొన్న తావుననే మొలకెత్తినదనియు మా అభిప్రాయము. హెసియడ్ కావ్యములు రెండును ఇందుకు సాక్ష్యములు.

హెసియడ్ క్రీ.పూ. 700 ప్రాంతమువాడు. ఆయన తండ్రి దారిద్ర్యమునకు తాళలేక ఆసియా మైనరులోని క్యూమే పట్టణమును విడిచి, సముద్రము దాటి, హెలికాన్ పర్వతసమీపమున ఆస్క్రా గ్రామమున స్థిరపడెనట. 'థియోగొనీ' దేవతల వంశావళి. 'పనులు-దినములు' అనదగిన రెండవ కావ్యము, పిత్రార్జితము విషయమున తగవు పెట్టుకొన్న సోదరుడు పెర్సీస్‌కు చేసిన హితబోధ.

'థియోగొనీ'లో మొదట కలిగినది కేయాస్. ఈ పదమునకు నేటి 'గందరగోళము' అను అర్థము అచట లేదు. నోరు తెఱచిన శూన్యమని గ్రహింపవలెను. తరువాత భూమి, టార్టరస్, ఎరోస్. కేయాస్ నుండి రాత్రి పుట్టెను. రాత్రి పురుషసాంగత్యము లేకయే మృత్యువును, నిద్రను, వంచనను, ముదిమిని, కలహదేవతయైన ఎరిస్‌ను కనెను. ఎరిస్ సంతానము శ్రమ, మఱపు, ఆకలి, యుద్ధములు, అబద్ధములు. ఇట ఒకటి మఱియొకదానికి తల్లి యనుట కేవలము కథ కాదు. ఒకదానివలన మఱియొకటి కలుగుచున్నదను కార్యకారణనిర్ణయమే వంశావళి రూపమున నున్నది.

కథాసామగ్రి అంతయు హెసియడ్ సృష్టి యని మేము వాదింపము. తుర్కీదేశమందలి హట్టూసా శిథిలములలో దొరకిన హిట్టైట్ మృత్ఫలకములలో, కుమార్బి ఆకాశదేవుడైన అనును పుంస్త్వహీనుని చేసి రాజ్యము గైకొనుటయు, తుదకు పిడుగుదేవుడు ప్రబలుటయు కలవు. యురేనస్, క్రోనస్, జ్యూస్‌ల క్రమము దీనిని పోలియున్నది. ఆ ఫలకములు హెసియడ్ కంటె కొన్ని శతాబ్దములు ప్రాచీనములు. కావున ఆయన సొంత భావనను వెదకవలసినది కథలో కాదు, కథను సవరించిన తీరులో.

రెండవ కావ్యారంభమున, స్తుతి ముగియగనే, ఎరిస్ ఒక్కతె కాదు, భూమిపై ఇద్దరు కలరని కవి ప్రకటించెను. ఒకతె యుద్ధమును పెంచునది. రెండవది రాత్రికి జ్యేష్ఠపుత్రిక. పొరుగువాని సంపదను చూపి సోమరిని సైతము పనికి పురికొల్పునది. కుమ్మరులు, వడ్రంగులు, బిచ్చగాండ్రు, గాయకులు తమ తోటివారితో పోటీపడుట ఆమె పనియే. గాయకుని సైతము ఆ పంక్తిలో చేర్చుట గమనింపదగినది. ఖాల్కిస్ నగరమున ఆంఫిడమస్ స్మారకక్రీడలలో గానమునకు బహుమానము గెలిచితినని ఈ కావ్యముననే ఆయన చెప్పుకొనెను.

ఇది తమ్ముని మందలించుటకు కల్పించిన నీతిచమత్కారము మాత్రమే యని ఆక్షేపింపవచ్చును. అట్లయినచో మంచి గుణమునకు వేఱొక పేరు పెట్టిన చాలును. కవి అట్లు చేయలేదు. పేరు అదే యుంచి, ఆమెకు పుట్టుకను, జ్యేష్ఠత్వమును కల్పించెను. పురాణపద్ధతిని విడువకయే పురాణార్థమును మార్చెను. ఆయన పరిమితియు ఇచటనే కలదు: ఒకే శక్తి మేలును కీడును ఎట్లు చేయునని ప్రశ్నింపక, దేవతను రెండుగా చీల్చెను.

క్రీ.పూ. 500 ప్రాంతమువాడైన హెరాక్లిటస్ పగలు రేయి ఒకటే యని ఎఱుగనివాడని హెసియడ్‌ను అధిక్షేపించెను. ఆయన మతమున ఎరిస్ ఒక్కటే, అదియే న్యాయము, సమస్తమును దానివలననే జరుగును. ఆక్షేపించినవాడు ఆక్షిప్తుని ప్రశ్ననే ముందునకు గొనిపోయెనని మాకు తోచుచున్నది.

తెలుగు చేయువారికి ఇందొక హెచ్చరిక కలదు. మనకు 'కలహము', 'స్పర్ధ' అను రెండు మాటలు సిద్ధముగా నున్నవి. చెడ్డదానికి ఒకటి, మంచిదానికి ఒకటి వాడిన అనువాదము సుగమమగును. కాని ఒకే పేరు ఇద్దరిదగుటలోని చిక్కు మాయమగును. ఆ చిక్కే కవి మనకిచ్చిన విచారము. ఒకే పదమును రెండు తావులను నిలుపుట మేలని మా మనవి.